స్పెషల్ స్కూల్ అయిపోయాక ఏంటి? సెంటర్‌లో ట్రైనింగా, డైరెక్ట్‌గా పనిలో పెట్టడమా?

బెజవాడ_నాన్న: మావాడికి 18 నిండాయి, మేధో వైకల్యం, సర్టిఫికెట్‌లో 60 శాతం. స్కూలోళ్లేమో మా వొకేషనల్ యూనిట్‌లోనే ఉంచండి అంటున్నారు, పేపర్ కవర్లు, ఫైళ్లు, ప్రమిదలకి రంగులు. మా బావమరిది తన సూపర్‌మార్కెట్‌లో పెట్టుకుంటా అంటున్నాడు. మీరేమంటారు?

టీచరమ్మ_వరంగల్: యూనిటే అండి. టైముకి రావడం, బాత్రూమ్‌కి చెప్పి వెళ్లడం, డబ్బులు గుర్తుపట్టడం ఇవేవీ రాకుండా షాపులో పెడితే వారానికే వద్దంటారు, ఇక ఇంట్లో టీవీ ముందు కూర్చుంటాడు, మళ్లీ కదిలించడం మన వల్ల కాదు.

తమ్ముడి_అక్క: సారీ మేడమ్, అస్సలు ఒప్పుకోను. మా తమ్ముడు ఏళ్లతరబడి కవర్లే అంటించాడు, దీపావళికి స్టాల్ పెట్టి ఫొటోలు తీసుకుంటారు, నెలాఖర్లో చేతికొచ్చేది ఆటోకి కూడా చాలదు. కవర్లు అంటించినంత మాత్రాన షాపులో సరుకు సర్దడం వచ్చేస్తుందా? అది ఆ షాపులోనే నేర్చుకోవాలి.

డల్లాస్_అమ్మ: ఇక్కడ అమెరికాలో 2014 చట్టం ప్రకారం రాష్ట్రాలకిచ్చే వొకేషనల్ రీహాబ్ (వైకల్యం ఉన్నవాళ్లు పనిలో కుదురుకోవడానికి సాయం) డబ్బులో కనీసం 15 శాతం చదువుకుంటున్న పిల్లలకే పెట్టాలి. మా అమ్మాయి హైస్కూల్లో ఉండగానే లైబ్రరీలో పని చేసింది, పక్కనే జాబ్ కోచ్, అంటే పనిచేసే చోటే ఉండి నేర్పించే మనిషి. అలాగని ఇదేం స్వర్గం కాదులెండి, 22 దాటాక స్కూల్ సర్వీసులు బంద్.

టీచరమ్మ_వరంగల్: మరి ఇక్కడ ఆ కోచ్ జీతం ఎవరిస్తారమ్మా? మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 4 శాతం ఉద్యోగాలున్నాయి నిజమే, అందులో ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం, ఎల్డీ (చదవడం, రాయడం నేర్చుకోవడంలో ఇబ్బంది), బహుళ వైకల్యం అందరికీ కలిపి 1 శాతం. అదీ గవర్నమెంట్ ఉద్యోగాల్లో. మనవాళ్లకి దక్కేది ప్రైవేటు షాపే.

కాకినాడ_బాబాయ్: ఇదంతా 14 ఏళ్లప్పుడు మొదలెట్టాల్సింది, స్కూళ్లు ఏబీసీడీలు దిద్దిస్తూ కూర్చుంటాయి. ఇంకోటి, ఏపీలో పెన్షన్ 6000, పనికి పంపితే అది ఎక్కడ పోద్దో అని మా వీధిలోనే ఇద్దరు ఇంట్లో కూర్చోబెట్టారు. నాన్నగారూ, బావమరిది షాపైనా సరే జీతం ముందే మాట్లాడుకోండి, చుట్టరికంలో జీతం మాట ఎవరూ ఎత్తరు.

బెజవాడ_నాన్న: పగలు యూనిట్, సాయంత్రం రెండు గంటలు షాపు అంటే కుదురుద్దా?

టీచరమ్మ_వరంగల్: సాయంత్రం రద్దీలో వద్దండి, బెదిరిపోతాడు. పొద్దున్నే షాపు తెరిచి సరుకు సర్దే టైముకి పంపండి, మొదట్లో కొన్నాళ్లు మీరో వాళ్లమ్మో పక్కనుండండి.

తమ్ముడి_అక్క: ఈ ఒక్కదానికి మాత్రం ఓకే మేడమ్ 🙂