5.1 రిసీవర్ మార్చాలా? మాటలు వినబడవు, బాస్‌కి మాత్రం గోడలు అదురుతున్నాయి

మూడో అంతస్తు అడిగారు:

అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్లిలో అద్దె ఫ్లాటు. హాలు పొడుగు 15 అడుగులు, వెడల్పు 11, ఎత్తు 10. కింద టైల్స్, కుడివైపు బాల్కనీకి నిలువెత్తు అద్దాల తలుపులు. సోఫా వెనక గోడకి ఆనుకుని ఉంది.

ఉన్న సామాను ఇదీ. ఎనిమిదేళ్ల నాటి 5.1 రిసీవర్ (ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌ఊఫర్‌కీ సౌండ్ పంచే పెట్టె), డబ్బా మీద ఛానల్‌కి 135 వాట్లని రాసుంది. ముందు రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, 5 అంగుళాల ఊఫర్, 6 ఓమ్‌లు, సెన్సిటివిటీ (1 వాట్‌కి మీటరు దూరంలో వచ్చే సౌండ్) 87 డెసిబెళ్లు. అదే కంపెనీ సెంటర్, వెనక రెండు చిన్నవి, మూలలో బాస్ కోసం 10 అంగుళాల సబ్‌ఊఫర్. యాప్‌లన్నీ టీవీలోనే, అక్కణ్నుంచి ఏఆర్‌సీ మీద, అంటే టీవీ సౌండ్‌ని వెనక్కి పంపే హెచ్‌డీఎంఐ దారి మీద, రిసీవర్‌కి.

బాధలు మూడు. మాటలు తేలవు, వాటికోసం పెంచితే ఫైట్ రాగానే చెవులు చిల్లులు, మళ్లీ రిమోట్ వెతుక్కోవాలి. బాస్ ‘ధన్’మని ఆగకుండా ‘బూఁ’మని సాగుతుంది. వాల్యూం బాగా పెంచితే సౌండ్ చిరిగినట్టు వస్తుంది.

బడ్జెట్ లక్షన్నర. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగితే 9 ఛానళ్లది తీసుకోమన్నారు, దాని మీద 105 వాట్లే ఉంది. 135 వదిలేసి 105కి వెళ్లడమేంటి? మారిస్తే ఈ మూడూ పోతాయా?

తీగల మేస్త్రీ జవాబు:

పర్సు తియ్యకముందు ఒక్క పని చెయ్యండి. సినిమా పెట్టి, రిసీవర్ రిమోట్ మీద ఇన్ఫో బటన్ నొక్కి డిస్‌ప్లేలో ఏం పడుతుందో చూడండి. ‘డాల్బీ డిజిటల్’ అనో ‘డాల్బీ డిజిటల్ ప్లస్’ అనో పడాలి. ‘పీసీఎం’ (కుదించని మామూలు డిజిటల్ సౌండ్) అని పడితే మీకు వస్తున్నది రెండు ఛానళ్లే. మామూలు ఏఆర్‌సీ మీద పీసీఎం రెండు ఛానళ్లకు మించి పోదు. సెంటర్ స్పీకర్‌కి దాని వాటా మాటలే అందవు.

టీవీలో సౌండ్ సెట్టింగ్స్‌కి వెళ్లి డిజిటల్ ఆడియో అవుట్‌పుట్‌ని పీసీఎం నుంచి ఆటోకో పాస్‌త్రూకో మార్చండి. తర్వాత యాప్‌లో ఆడియో ట్రాక్ చూడండి. ఒకే సినిమాకి ఒక భాషలో 5.1 ఉండి, తెలుగు డబ్బింగ్ ట్రాక్ ఉత్త స్టీరియోగా ఉండటం మామూలే. అలాంటప్పుడు రిసీవర్‌లో ‘స్టీరియో’ మోడ్‌లో కాకుండా ప్రో లాజిక్ 2 మూవీలో, కొత్త వాటిలో అయితే డాల్బీ సరౌండ్‌లో పెట్టండి. అప్పుడు మాటల్ని ఏరి సెంటర్‌కి పంపుతుంది. ‘ఆల్ ఛానల్ స్టీరియో’ జోలికి మాత్రం పోకండి. అది పెళ్లి పందిట్లో పాటలకి సరిపోతుంది.

సెంటర్ ఎక్కడుంది? టీవీ యూనిట్ అరలో లోపలికి తోసి ఉంటే ఆ అరే గొంతుని బొంగురు చేస్తుంది. స్పీకర్ ముఖం అర అంచుకి సమానంగా వచ్చేదాకా ముందుకు లాగండి. ముందు అంచు కింద రెండు రబ్బరు డోర్ స్టాపర్లు పెట్టి మీ చెవుల వైపుకి ఎత్తండి. మధ్యలో అద్దం టీపాయ్ ఉంటే మాట దానికి తగిలి రెండోసారి చెవికొస్తుంది. దాన్ని పక్కకి జరపండి, కుదరకపోతే పైన మందపాటి గుడ్డ వెయ్యండి. టైల్స్ మీద సోఫాకీ టీవీకీ మధ్య 5×7 కార్పెట్ ఒకటి, అద్దాల తలుపులకి బరువైన పరదా ఒకటి పడాలి. ఇవన్నీ కలిపినా పది వేలు కాదు. మాటల విషయంలో లక్ష రూపాయల రిసీవర్ కంటే ఇవే ఎక్కువ పనిచేస్తాయి.

మూడో అంతస్తు:

పీసీఎం అనే ఉంది అన్నా! ఆటోలో పెట్టగానే డాల్బీ డిజిటల్ ప్లస్ పడింది, మాటలు సెంటర్‌లోకి వచ్చేశాయి. బాస్ మాత్రం అలాగే ఉంది. మెనూలో ముందు స్పీకర్లు ‘లార్జ్’ అని ఉన్నాయి, అది సరేనా?

సబ్ సుబ్బయ్య జవాబు:

సరి కాదు. మీ మూడో బాధ సగం అక్కడే ఉంది.

లార్జ్ అంటే ‘బాస్ మొత్తం దీనికే పంపు’ అని అర్థం. 5 అంగుళాల ఊఫర్ 40 హెర్ట్జ్ ఎక్కడ మోస్తుంది? దాని కోన్ కొట్టుకుంటుంది, రిసీవర్ ఆంప్లిఫయర్ ఆయాసపడుతుంది, మీకు చిరిగినట్టు వినబడుతుంది. అన్ని స్పీకర్లూ ‘స్మాల్’ పెట్టండి, క్రాసోవర్ (బాస్‌ని స్పీకర్ నుంచి సబ్‌కి మళ్లించే హద్దు) 80 హెర్ట్జ్. కిందిదంతా సబ్‌కి పోతుంది, దానికి సొంత ఆంప్లిఫయర్ ఉంది కదా. కరెంటు ఎక్కువ తాగేది ఆ కింది స్వరాలే కాబట్టి రిసీవర్ మీద బరువు దిగిపోతుంది. సబ్ వెనక ఉన్న క్రాసోవర్ నాబ్‌ని చివరిదాకా తిప్పండి, ఎల్ఎఫ్ఈ అని స్విచ్ ఉంటే అటు వెయ్యండి. రిసీవర్‌లో 80, సబ్‌లో మళ్లీ 80 పెడితే రెండుసార్లు వడగట్టినట్టయి మధ్యలో గొయ్యి పడుతుంది.

ఇక ‘బూఁ’ సంగతి. అది రిసీవర్ తప్పు కాదు, మీ గది తప్పు. 15 అడుగులంటే 4.57 మీటర్లు. శబ్దవేగం 343ని దానికి రెట్టింపుతో భాగిస్తే 37.5 హెర్ట్జ్. ఆ స్వరం, దాని రెట్టింపు 75, ఈ రెండూ మీ ముందు వెనక గోడల మధ్య నిలిచి మోగుతాయి. గోడ దగ్గర రెండూ గరిష్ఠం. సోఫా సరిగ్గా అక్కడే ఉంది! 2 అడుగులు ముందుకి జరిపితే 75 దగ్గర లెక్క ప్రకారం మూడు డెసిబెళ్లకి పైగా తగ్గుతుంది. 37 మాత్రం ఒక డెసిబెల్ కూడా కదలదు. దానికి సబ్ చోటు మార్చాల్సిందే. మూలలో పెట్టిన సబ్ గదిలో ఇలా నిలిచి మోగే ప్రతి స్వరాన్నీ (మోడ్‌నీ) లేపి కూర్చోబెడుతుంది.

చోటు వెతికే పాత పద్ధతే ఇప్పటికీ మంచిది. సబ్‌ని ఎత్తి సోఫాలో మీరు కూర్చునే చోట పెట్టండి. బాస్ గిటార్ మెట్టుమెట్టుగా దిగే పాట ఏదైనా తిప్పి తిప్పి వేస్తూ, గోడల వెంట మోకాళ్ల మీద పాకండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, పర్లేదు. ఏ చోట అన్ని స్వరాలూ ఇంచుమించు ఒకే బరువుతో వినబడతాయో అదే సబ్ చోటు. అక్కడ మీ తల గోడ పక్కన, సబ్ ఎత్తులో ఉండాలి. నిలబడి వింటే లెక్క తప్పుతుంది.

అప్పుడు కాలిబ్రేషన్, అంటే రిసీవర్ మైకుతో స్పీకర్ల సౌండ్ కొలిపించి సరిచేయించడం. చాలామంది దీన్ని పాడుచేసుకునేది ఇలా: సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటుంది, వంటింట్లో కుక్కర్ విజిల్ వేస్తుంది, మైకు సోఫా కుషన్ మీద పడుకుని ఉంటుంది. ఆదివారం పొద్దున్నే ఫ్యాను, ఏసీ ఆపి, కెమెరా ట్రైపాడ్ మీద మైకుని చెవి ఎత్తులో నిలబెట్టండి. వెనక గోడకి కనీసం అడుగున్నర దూరం. మొదటి కొలత మీ తల సరిగ్గా ఉండే చోటే, ఎందుకంటే దూరాలు, లెవెళ్లు దాన్నిబట్టే పెడుతుంది. మిగతావి దాని చుట్టూ 60 సెంటీమీటర్లలోపే. హాలంతా తిప్పితే సగటు తీసి ఎవరికీ బాగోని సౌండ్ ఇస్తుంది.

అయ్యాక సబ్ లెవెల్ చూడండి. మైనస్ 12 అని ఉంటే అది కింది హద్దు, అంటే సబ్ నాబ్ మరీ ఎక్కువ పెట్టారు. నాబ్ తగ్గించి మళ్లీ చెయ్యండి. మైనస్ 3కీ మైనస్ 9కీ మధ్య పడితే చాలు. సబ్ 9 అడుగుల్లో ఉంటే రిసీవర్ 14 అని చూపించొచ్చు. టేపు పట్టుకుని సరిచెయ్యకండి. సబ్ లోపలి సర్క్యూట్ ఆలస్యాన్ని కూడా దూరంగా లెక్కేసి రాసింది అది. క్రాసోవర్ 40, 60 అని పెట్టేస్తే 80కి పెంచుకోవచ్చు, అది పెట్టినదానికన్నా దించకూడదు.

డెసిబెల్ దొర జవాబు:

వాట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. డబ్బా మీది 135 సాధారణంగా ఒక్క ఛానల్‌నే నడిపి, 6 ఓమ్‌లకి, ఒక్క 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో తీసిన అంకె. మాన్యువల్ చివరి పేజీల్లో ‘20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, 2 ఛానళ్లు, 0.08 శాతం’ లాంటి వరుస వెతకండి. అక్కడ 70 చిల్లర కనబడితే ఆశ్చర్యపోకండి. కొత్తదాని 105 ఈ రెండో పద్ధతిలో ఇచ్చిందే అయి ఉంటుంది.

సరే, 70 నుంచి 105కి వెళ్తే ఎంత పెరుగుతుంది? 1.8 డెసిబెళ్లు. శ్రద్ధగా వింటే గానీ తెలీదు. వాట్లు రెట్టింపైతే 3 డెసిబెళ్లు, చెవికి ‘రెట్టింపు సౌండ్’ అనిపించాలంటే పది రెట్లు వాట్లు కావాలి. మీ 87 డెసిబెళ్ల స్పీకర్ 1 వాట్‌తో 3 మీటర్ల దూరంలో 78 దాకా ఇస్తుంది, 10 వాట్లకి 88, 100 వాట్లకి 98. గది తోడైతే ఇంకాస్త ఎక్కువే. థియేటర్ రిఫరెన్స్‌లో, అంటే సినిమా హాలు ప్రామాణిక వాల్యూంలో, ఒక్కో ఛానల్ శిఖరం 105 డెసిబెళ్లు. ఫ్లాట్లలో దానికి 15, 20 తక్కువలోనే వింటాం. అంటే శిఖరాల్లో కూడా మీరు వాడేది పది వాట్ల చుట్టూనే. పక్కింటివాళ్లు ఊరుకునేదీ అంతవరకే.

అయినా మేస్త్రీ గారితో ఒకచోట ఒప్పుకోను. రిసీవర్ మార్చడం పూర్తిగా దండగ కాదు, కొనాల్సిన కారణం వేరు. ఆ లక్షన్నరలో మీరు కొనేది గది దిద్దుబాటు. గదిని దిద్దే సాఫ్ట్‌వేర్ ఆడిసీలో మామూలు ఎక్స్‌టీ కంటే ఎక్స్‌టీ32 ఫిల్టర్లు సబ్‌కి నాలుగు రెట్లు, మిగతా స్పీకర్లకి అంతకన్నా చాలా సూక్ష్మంగా ఉంటాయి. డెనాన్ ఎక్స్3800హెచ్ రిసీవర్‌లో ఎక్స్‌టీ32 ఉంది, నాలుగు సబ్‌లకి విడివిడి అవుట్‌పుట్లు, అన్ని ఛానళ్లకీ ప్రీ అవుట్లు (బయటి ఆంప్లిఫయర్ తగిలించే సాకెట్లు) ఉన్నాయి. ఆడిసీలాంటిదే అయిన డిరాక్ కావాలంటే లైసెన్సు విడిగా కొనుక్కోవాలి. ఆంకియో ఆర్‌జెడ్50లో డిరాక్ లైవ్ దాంతోపాటే వస్తుంది. రెండిటిలోనూ ఈఏఆర్‌సీ, అంటే ఎక్కువ డేటా మోసే కొత్త ఏఆర్‌సీ ఉంది. యాప్‌లలో వచ్చే అట్మాస్ (పైనుంచి కూడా వినిపించే సౌండ్) మామూలు ఏఆర్‌సీ మీద కూడా పోతుంది కానీ, బ్లూరే డిస్కుల్లోని నాణ్యత తగ్గని ట్రూహెచ్‌డీ సౌండ్‌ని టీవీ గుండా పంపాలంటే ఈఏఆర్‌సీ తప్పదు. ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కే కలిపితే ఆ గొడవ కూడా లేదు.

డబ్బు మిగుల్చుకునే దారి ఒకటుంది. ఉన్న రిసీవర్ ఉంచి, సబ్ లైనులో మినీడీఎస్పీ 2×4 హెచ్‌డీ అనే సౌండ్ దిద్దే చిన్న పెట్టె పెట్టండి. యూమిక్-1 అనే కొలత మైకు ఒకటి, కొలవడానికి ఆర్‌ఈడబ్ల్యూ సాఫ్ట్‌వేర్, అది ఉచితం. మైకు సీరియల్ నంబరుతో కాలిబ్రేషన్ ఫైలు దించుకుని ఎక్కించడం మరిచిపోవద్దు. గ్రాఫులో 37 దగ్గర కొండ కనబడుతుంది, దాన్ని కోసెయ్యండి. గొయ్యి కనబడితే మాత్రం పూడ్చకండి. రద్దయిపోయిన స్వరానికి ఎన్ని వాట్లు పోసినా రద్దవుతూనే ఉంటుంది, సబ్ కాయిల్ వేడెక్కడమే మిగులుతుంది. ఇంకా మిగిలితే ఇలాంటిదే రెండో సబ్. ముందు గోడ మధ్యలో ఒకటి, వెనక గోడ మధ్యలో ఒకటి పెడితే 37 హెర్ట్జ్ మోడ్‌ని రెండూ చెరోవైపు నుంచి తోసి చాలావరకు అణిచేస్తాయి. ఒక్క పెద్ద సబ్ ఈ పని చెయ్యలేదు.

టీ నగర్ ట్వీటర్ జవాబు:

చెన్నై నుంచి నాలుగు ముక్కలు. వెనక స్పీకర్లకి తలుపు చుట్టూ తిప్పి 12 మీటర్ల వైరు పడుతుందనుకుందాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి అయితే రానుపోను 0.29 ఓమ్‌లు, 6 ఓమ్‌ల స్పీకర్‌కి దాదాపు 5 శాతం. హద్దు అదే. 2.5 వేస్తే 3 శాతానికి దిగుతుంది. ముందు స్పీకర్లకి 1.5 ధారాళం. రిచీ స్ట్రీట్‌లో గానీ మీ ఎస్పీ రోడ్డులో గానీ చవకగా ఇచ్చే లావుపాటి ‘స్పీకర్ వైరు’ చాలావరకు రాగి పూత వేసిన అల్యూమినియం. కొన చాకుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనబడితే వద్దు. మామూలు ఇంటి వైరింగ్‌కి వాడే పేరున్న రెండు కోర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరే మేలు.

ప్లస్ మైనస్ ఒక స్పీకర్‌కి తారుమారైతే బాస్ మాయమవుతుంది. వైర్లు రిసీవర్ నుంచి ఊడదీసి, పెన్సిల్ బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. ప్లస్‌కి ప్లస్ తాకితే కోన్ బయటికి రావాలి.

మెనూలో స్పీకర్ ఇంపెడెన్స్ 8 నుంచి 6కో 4కో మార్చమని సలహాలిస్తారు. చాలా రిసీవర్లలో అది లోపలి వోల్టేజీని దించి పవర్ తగ్గించే స్విచ్. 8లోనే ఉంచండి. రిసీవర్ పైన కనీసం నాలుగంగుళాలు ఖాళీ ఉంచండి, అద్దం తలుపున్న అరలో బంధించకండి.

అమెరికా నుంచి బావగారు తెస్తానంటే వద్దనండి. అక్కడిది 120 వోల్టులది, ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మొయ్యాలి, వారంటీ ఉండదు.

మూడో అంతస్తు:

సోఫా జరిపాను, స్మాల్ పెట్టాను, చిరుగు పోయింది. సబ్ ఎడమ గోడ మధ్యకి వెళ్లింది. అక్కడికి మార్చగానే సన్నగా ‘మ్...’ అని మోత మొదలైంది, వాల్యూం సున్నా పెట్టినా ఉంది. 9 ఛానళ్లది ఇప్పటికి ఆపుతున్నాను. రేపెప్పుడైనా అట్మాస్ పెడితే, పైకి కొట్టే స్పీకర్లు పనిచేస్తాయా? హాల్లో ఫాల్స్ సీలింగ్, చుట్టూ లైట్ల గాడి ఉంది.

తీగల మేస్త్రీ:

వాల్యూంతో పెరగని మోత చాలావరకు గ్రౌండ్ లూప్, అంటే సామాన్ల ఎర్త్ రెండు దారుల్లో కలిసి పుట్టే మోత. కొత్త చోట సబ్‌ని వేరే ప్లగ్గులో పెట్టుంటారు. టీవీ, రిసీవర్, సబ్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెండి. పోకపోతే సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ వైరు పీకి చూడండి. మోత ఆగితే ఆ దారిన వస్తోంది, దానికి కోయాక్సియల్ ఐసొలేటర్ పెట్టాలి. ఎవరైనా మూడో పిన్ను విరిచెయ్యమంటే వినకండి, అది మీ ప్రాణానికి ఉన్న ఎర్త్.

పైకి కొట్టే స్పీకర్లకి చదునైన, గట్టి కప్పు కావాలి. శబ్దం స్పీకర్‌కీ మీకూ ఇంచుమించు మధ్యన కప్పుని తాకి కిందికి దిగుతుంది. కప్పుకి ఒక చిన్న అద్దం అంటించినట్టు ఊహించుకుని ఆ చోటు చూసుకోండి. అక్కడ గాడి పడితే వద్దు, చదును జిప్సం పడితే ఆలోచించొచ్చు. ముందు ఆ మోత సంగతి తేల్చి, సబ్ చోటు మారింది కాబట్టి మైకు పెట్టి కాలిబ్రేషన్ మళ్లీ మొదట్నుంచి చెయ్యండి.