ఇంటిపేరు చూసి ఓట్లు పడతాయా? తెలిసినవాళ్లు చెప్పండి

విశాఖలో మా అక్క కార్పొరేటర్‌గా నిలబడాలనుకుంటోంది, పదేళ్లుగా కాలనీలో కుళాయి నీళ్ల కోసం, కాలువల కోసం తిరిగిన మనిషి, కానీ ఎదురుగా ఒక మాజీ ఎమ్మెల్యే గారి కోడలు దిగుతోందని తెలిసినప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్.

ఎంపీ ఎన్నికలు చూస్తే నాకు ధైర్యంగానే ఉంది. ఎన్టీఆర్ గారి కూతురు పురందేశ్వరి గారు 2009లో ఇక్కడ కాంగ్రెస్ తరఫున గెలిచారు, 2019లో బీజేపీ నుంచి నిలబడితే డిపాజిట్ కూడా దక్కలేదు. 2014లో వైఎస్ విజయమ్మ గారు ఓడిపోయారు. బాలకృష్ణ గారి అల్లుడు శ్రీభరత్ గారు 2019లో 5 వేల లోపు ఓట్లతో ఓడి, 2024లో 5 లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచారు, పేరు మాత్రం రెండుసార్లూ అదే.

మరి వార్డులో ఎలా ఉంటుంది? పెద్దింటి పేరు మీద పోటీ చేసినవాళ్లని ఎదుర్కొని గెలిచినవాళ్లు ఉంటే, ప్రచారం ఎలా చేశారో దయచేసి చెప్పండి.