చికెన్ అన్నమా, డ్రై ఫుడ్డా: కుక్కకి ఏది మేలు?

గంటమెడ:
ప్యాకెట్ మీద రాసిన దినుసుల్లో సగం పేర్లు నోరు తిరగవు. చికెన్, అన్నం ఉడికించి పెడితే గిన్నెలో ఏముందో కంటికి కనిపిస్తుంది. ఎదుగుదల పూర్తయిన కుక్కకి ఇది చాలదనేవాళ్లు లెక్క చూపించండి.

తూకంరాయి:
చూద్దాం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 10 కిలోల కుక్కకి రోజుకి సుమారు 630 కేలరీలు కావాలి. ఉడికిన చికెన్ బ్రెస్ట్ 250 గ్రాములు, అన్నం 170 గ్రాములు వేస్తే సరిపోతాయి. ప్రొటీన్‌కీ లోటు లేదు. కాల్షియం దగ్గరే గండి. కావలసింది దాదాపు 800 మిల్లీగ్రాములు, ఆ గిన్నెలో ఉన్నది 60 లోపే. ఫాస్ఫరస్ మాత్రం 600 దాటింది. కాల్షియం కనీసం ఫాస్ఫరస్‌తో సమానంగా ఉండాలి. ఇక్కడ పదోవంతు కూడా లేదు. రక్తంలో తగ్గకుండా ఒళ్లు దాన్ని ఎముకల్లోంచి లాగుతుంది. దవడ మెత్తబడి పళ్లు కదులుతాయి. చిక్కేమిటంటే, రక్తపరీక్షలో కాల్షియం చాలాసార్లు మామూలుగానే కనిపిస్తుంది.

గంటమెడ:
గుడ్డు పెంకుల పొడి కలిపితే పోలా?

తూకంరాయి:
కాల్షియం వరకు పోతుంది. పెంకులు పది నిమిషాలు మరిగించి, ఆరబెట్టి, మిక్సీలో మెత్తగా పట్టి జల్లించండి. పై గిన్నెకి 2 గ్రాములు, తూచి వేయాలి. జింకు, రాగి, అయోడిన్, విటమిన్ డి, ఇ లోటు అలాగే ఉంటుంది. ఎండలో తిప్పితే విటమిన్ డి రాదు, కుక్క చర్మం దాన్ని సరిపడా తయారు చేసుకోలేదు. పోనీ రోజూ లివర్ పెడదామంటే విటమిన్ ఎ మితిమీరుతుంది. పశు పోషకాహార నిపుణుల చేత రెసిపీ రాయించుకుని, అందులోని సప్లిమెంట్ మానకుండా వేస్తే ఇంటి వంట మంచిదే. పెద్ద జాతి కూనలకి మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. వాటికి కాల్షియం తక్కువైనా ఎక్కువైనా ఎముకలు దెబ్బతింటాయి.

మీసాలరాణి:
పిల్లులున్నవాళ్లు ఈ గిన్నె జోలికి రాకండి. పిల్లికి టారిన్ అనే అమైనో ఆమ్లం తిండిలోంచే రావాలి. లేకపోతే గుండె కండరం, కంటిచూపు రెండూ పాడవుతాయి. మాంసం ఉడికించిన నీళ్లు పారబోస్తే టారిన్‌లో కొంత ఆ నీళ్లతోనే పోతుంది. కుక్కల డ్రై ఫుడ్ కూడా పిల్లికి పనికిరాదు.

కొలగిన్నె:
డ్రై ఫుడ్ వకీళ్లకీ రెండు మాటలు. లేబుల్ మీద 'కంప్లీట్' అని ఉండాలి. 'కాంప్లిమెంటరీ' అని ఉంటే అది పూర్తి భోజనం కాదు. ప్రొటీన్ శాతాలు తేమ తీసేసి పోల్చండి: 78 శాతం తేమ ఉన్న డబ్బా తిండిలో 10 శాతం ప్రొటీన్ అంటే నిజానికి 45; 10 శాతం తేమ ఉన్న డ్రై ఫుడ్‌లో 26 అంటే 29. ఇక కప్పుతో కొలిస్తే ఒకరోజు తలకొట్టి, ఒకరోజు గోపురంగా పడుతుంది. వంద గ్రాములకి 370 కేలరీలుంటే 630కి 170 గ్రాములు. కాటా మీద పెట్టండి.

గంటమెడ:
లెక్క ఒప్పుకుంటున్నా. డ్రై ఫుడ్ కొంచెం తగ్గించి ఆ మేరకు చికెన్ అన్నం కలపొచ్చా?

తూకంరాయి:
కలపొచ్చు, రోజు కేలరీల్లో పదోవంతు దాకా. ఈ కుక్కకి 63. ట్రీట్లూ అందులోనే సర్దాలి. పెద్ద చెంచా పీనట్ బటర్ ఒక్కటే 95 కేలరీలు! పైగా అందులో చక్కెరకి బదులు వేసే జైలిటాల్ ఉంటే కేలరీల మాట అటుంచండి, 10 కిలోల కుక్కకి ఒక్క గ్రాము చాలు, అరగంటలో షుగర్ పడిపోవచ్చు. సీసా వెనక 'బర్చ్ షుగర్' అని ఉన్నా అదే.