అప్‌డేట్: మా గుర్రం ఇప్పుడు కుదురుగా నిలబడుతోంది

కట్టేస్తే చాలు, మా ఆడగుర్రం వెనక్కి గుంజుకుని పగ్గం తెంపుకుంటోందని, మెడ ఒరుసుకుపోయిందని నెల కిందట అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

తప్పు నాదే. కళ్లేనికి కట్టేవాణ్ణి, అదీ కంచె అడ్డకర్రకు. గుంజుకున్నప్పుడల్లా ఇనుము నోటిని ఎంత నొప్పించిందో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంది. ఇప్పుడు తలకట్టుకే (నోట్లో ఇనుము లేకుండా తలకు తొడిగే పట్టీకే) తాడు వేసి, లోతుగా పాతిన గుంజకు, మూపుకంటే కాస్త ఎత్తులో కడుతున్నాను. మధ్యలో మూరన్నర పగ్గమే వదులుతున్నాను. ఎక్కువ వదిలితే ముందుకాలు చిక్కుకుంటుంది. గుంజకు పురికొసతో ఒక ఉచ్చు వేసి, పగ్గాన్ని దానికి కడుతున్నాను. గుర్రం నిజంగా బెదిరితే పురికొస తెగిపోవాలి, మెడకు దెబ్బ తగలకూడదు. ముడి కూడా కొస లాగగానే విడిపోయేదే.

అసలు మార్పు మాత్రం శిక్షణతో వచ్చింది. రోజూ పది నిమిషాలు పగ్గం మెల్లగా లాగి, అది ఒక్క అడుగు ముందుకు వేయగానే వదిలేవాణ్ణి. నిన్న రోడ్డు మీద లారీ హారన్ మోగింది. తల విసురుగా ఎత్తింది, పగ్గం బిగియగానే తనంతట తానే ముందుకు జరిగింది! నాకు కళ్లు చెమర్చాయి.

కట్టేసి ఒంటరిగా వదిలి వెళ్లడం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.