వాడు హంతకుడని తెలిసి కూడా దొరక్కూడదని ఎందుకు అనిపిస్తాంది?

బురుజుకాడ (కర్నూలు):
అందరికీ నమస్తే. ఎవరితో చెప్పుకోవాలో తెలీక ఇక్కడ రాస్తాండా. నెట్‌ఫ్లిక్స్‌లో 'యూ' సిరీస్ మొదలుపెట్టినా, రాత్రి గిన్నెలు కడిగి అమ్మ పండుకున్నాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకోని ఒక్క ఎపిసోడ్ చూసి ఆపేద్దాం అనుకుంటే మూడు అయిపోతున్నాయి, పొద్దున ఆఫీసుకి పోతే కండ్లు మండుతున్నాయి. చూడనోళ్ళకి కథ చెప్తా. న్యూయార్క్‌లో జో గోల్డ్‌బర్గ్ అని పుస్తకాల షాపు మేనేజరు. షాపుకి బెక్ అనే అమ్మాయి వస్తాది, రాయాలని ఆశ ఉన్న పిల్ల. పేరు పట్టుకోని ఆన్‌లైన్‌లో అంతా వెతికి ఇల్లు కనుక్కుంటాడు, ఫోన్ కొట్టేస్తాడు, అడ్డొచ్చినోళ్ళని ఒక్కొక్కరినే తీసేస్తా పోతాడు. షాపు కింద నేలమాళిగలో అద్దాల గది ఒకటి ఉంటాది, పాత పుస్తకాలు పాడు కాకుండా పెట్టుకునేది, దాంట్లో మనుషుల్ని పెట్టి తాళం వేస్తాడు.

నా బాధ ఏందంటే, మొదటి ఎపిసోడ్‌లోనే వాడు ఆ పిల్ల ఇంట్లోకి దొంగగా దూరతాడు, ఇంతలో ఆమె వచ్చేస్తాది, పోయి బాత్రూంలో షవర్ కర్టెన్ వెనక నిలబడతాడు. అప్పుడు నేను ఊపిరి బిగబట్టినా. ఎవరి కోసం? ఆ పిల్ల కోసం కాదు, వాని కోసం! దొరక్కూడదు దొరక్కూడదు అని మనసులో అనుకుంటా ఉన్నా. అదే నేను సాయంత్రం రాజ్‌విహార్ కాడ ఆటో దిగి ఇంటికి నడిచేటప్పుడు వెనక బండి స్లో అయితే చాలు, ఫోన్ చెవికి పెట్టుకోని నాయనతో మాట్లాడతాన్నట్టు నటిస్తా. అట్లాంటిదాన్ని నేను వాని పక్క ఎట్ల నిలబడినా? ఆ రాత్రి నిద్ర పట్టలే. పొద్దున లేచి మళ్ళీ రెండోది చూసినా. చూడడం ఆపేయల్నా? నాలో ఏమన్నా తేడా ఉందా? నిజంగా అడుగుతాండా.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):
అక్కా, తేడా నీలో లేదు, కథ చెప్పే నోట్లో ఉంది. 1960లో హిచ్‌కాక్ తీసిన 'సైకో'లో ఒక సీన్ ఉంది, ఒకడు చచ్చిపోయిన అమ్మాయిని కారు డిక్కీలో వేసి బురద మడుగులోకి తోస్తాడు, కారు సగం మునిగి ఒక్క క్షణం ఆగిపోతాది, చూసేవాడు అయ్యో మునగలేదే అని ముందుకి వంగుతాడు. అంతవరకు ఆ పిల్ల కోసం బాధపడిన మనిషే అట్ల వంగేది. కెమెరా ఎవరి పక్కన కూర్చోబెడితే వాళ్ళ భయం మన భయం అయిపోతాది.

'యూ'లో అది ఇంకా లోపలికి పోయింది. పేరే 'నువ్వు'. కెరొలైన్ కెప్నెస్ 2014లో రాసిన నవల నుంచి తీసినారు, అదీ ఇట్లనే వాని నోటితోనే నడుస్తాది. వాడు మనసులో మాట్లాడే ప్రతి మాటా నువ్వు ఇట్ల చేసినావు, నువ్వు అట్ల నవ్వినావు అని. నువ్వేమో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోని చీకట్లో వింటున్నావు, ఇంకేముంది, నేరుగా నీ చెవిలో గుసగుస పెడతాన్నట్టే. దానికి తోడు పక్క ఇంట్లో పాకో అనే చిన్న పిల్లోడు, వాళ్ళమ్మతో ఉండేవాడు తాగొచ్చి కొడతాంటే ఆ పిల్లోడు మెట్ల మీద కూర్చోని ఉంటాడు, జో వానికి పుస్తకాలు ఇస్తాడు, తిండి పెడతాడు. అట్లాంటి మంచి సీన్ ఒకటి చూపించి వెంటనే పక్కన చెడ్డది పెడతారు, మనం లెక్కలో ముందుదే వేసుకుంటాం.

ఇంకో మాట, ఇది నాకు చాలా రోజుల నుంచి బుర్రలో ఉంది. మా కడప జిల్లా సురభి ఊర్లో 1885లో వనారస గోవిందరావు గారోళ్ళు మొట్టమొదట వేసిన నాటకం ఏంది? కీచకవధ. కీచకుడు చేసింది ఏంది? సైరంధ్రి వద్దు వద్దు అంటున్నా వెంటబడినాడు, అక్క సుదేష్ణతో చెప్పించి పని మీద తన ఇంటికే పంపించుకున్నాడు. జో చేసేది అంతకంటే వేరే ఏమన్నా ఉందా? కానీ ఆ కథ మనకి ద్రౌపది పక్కన కూర్చోబెట్టి చెప్పినారు. 1963 'నర్తనశాల'లో ఎస్వీ రంగారావు గారు కీచకుడు, ఆ నడక, ఆ కండ్లు ఎంత ఇష్టంగా చూస్తామో, ఆ వేషానికి జకార్తా ఫిల్మ్ ఫెస్టివల్‌లో అవార్డు కూడా వచ్చింది ఆయనకి, అయినా చీకట్లో భీముడు పట్టుకున్నప్పుడు మనకి పాపం అనిపించదు. అదే కథంతా కీచకుడే మన చెవిలో చెప్పుకుంటా వచ్చి ఉంటే? లోపలికి పోవద్దురా అని మనమే అరిచేటోళ్ళం.

రాత్రిడ్యూటీ (కర్నూలు):
అన్నా బాగా రాసినావు గానీ నాకు కారణం ఇంకా చిన్నదిగా కనపడతాది. జో వేషం వేసిన పెన్ బాడ్గ్లీ మొహం. అంత నెమ్మది మొహం లేకపోతే ఈ కథ రెండో ఎపిసోడ్ దాటేది కాదు. 2019 జనవరిలో అమ్మాయిలు ఆయనకే ట్విట్టర్‌లో నన్ను కిడ్నాప్ చేయి అని రాస్తే వద్దమ్మా అన్నాడు, జో హంతకుడని ఆ యాక్టరే చెప్పుకోవాల్సి వచ్చింది. బాగుండే మొహం చూస్తే మనం క్షమించేస్తాం, ఇది సినిమాలోనే కాదు బయట కూడా అంతే, అదే నాకు భయం.

అనంత మల్లి (అనంతపురం):
చెల్లీ, నీ పోస్టు చదివి రెండు రోజులు రాయాల్నా వద్దా అని ఆలోచించినా. నాకు డిగ్రీ రెండో ఏడులో ఒకడు ఐదు నెలలు వెంటబడినాడు. క్లాక్ టవర్ కాడి నుంచి కాలేజీ గేటు వరకు బండి మీద, మళ్ళీ సాయంత్రం గేటు నుంచి క్లాక్ టవర్ వరకు. ఏ రోజు ఏ చున్నీ వేసుకున్నానో మెసేజ్ పెట్టేవాడు. ఇంట్లో చెప్తే చదువు మాన్పిస్తారని చెప్పలే, ఫ్రెండ్స్‌కి చెప్తే పాపం అంత ఇష్టపడతాన్నాడు కదే అన్నారు. చివరికి మా మామ పోయి వాళ్ళ నాయనతో మాట్లాడితే ఆగింది. ఆ ఐదు నెలల్లో నేనేం తప్పు చేసినానా అని వెతుక్కోని వెతుక్కోని సగమైపోయినా.

ఈ సిరీస్ నా చేతిలో ఎందుకు పడిందో, పడింది. మొదటి ఎపిసోడ్‌లో బెక్ షాపులో బిల్లుకి కార్డు ఇస్తాది చూడు, పర్సులో డబ్బులు ఉండి కూడా కార్డు ఇచ్చినావంటే నీ పేరు నాకు తెలియాలని కదా అనుకుంటాడు జో. అక్కడ పాజ్ చేసి కూర్చున్నా. ఒక మనిషి కార్డు ఇస్తే కూడా అది ఇష్టమేనంట! అప్పుడు నాకు తెలిసింది, నేను నవ్వినా వానికి ఇష్టమే, తిట్టినా ఇష్టమే, తల దించుకోని పోతే సిగ్గు. నేను ఏం చేసి ఉన్నా ఒకటే అయ్యేది. పదేండ్ల తర్వాత ఆ బరువు దిగింది నాకు, ఒక టీవీ హంతకుడు వాని మనసులో మాట నాకు వినిపిస్తే.

షవర్ వెనక సీన్ అన్నావు కదా, అక్కడే వాడు ఇంకో మాట అనుకుంటాడు, లవ్ సినిమాలు ఎన్నో చూసినా, నాలాంటోళ్ళు ఇట్ల ఇరుక్కోవడం మామూలే అని. వాని లెక్కలో వాడు సినిమా హీరో. మన హీరోలు ఎంతమంది బస్సు వెనక పడలేదు, హాస్టల్ గోడ దూకలేదు, మనం విజిల్స్ వేయలేదూ. అందుకే మనకి వాని మాట అంత తొందరగా అర్థమైపోతాది, చిన్నప్పటి నుంచి విన్న మాటే కాబట్టి.

చదివే ఆడపిల్లలకి ఒకటి చెప్తా. వద్దని చెప్పినాక కూడా మళ్ళీ మళ్ళీ వెంటబడడం, మెసేజ్‌లు చేయడం, ఆన్‌లైన్‌లో ఏం చేస్తున్నామో కాపు కాయడం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 78 సెక్షన్ కింద నేరం, పాత ఐపీసీలో 2013లో 354డి అని చేర్చినారు, 2024 జూలై నుంచి కొత్త నంబరు. మొదటిసారికి మూడేండ్ల వరకు, రెండోసారికి ఐదేండ్ల వరకు జైలు. నాకు అప్పుడు ఇది ఎవరూ చెప్పలే. ఫోన్ చేయాలంటే 112, ఆడోళ్ళ హెల్ప్‌లైన్ 181.

నువ్వు చూడడం ఆపేయమని నేను చెప్పను. నీకు ఊపిరి ఆగింది వాని కోసమే కావచ్చు, కానీ నిద్ర పట్టలేదు చూడు, అది ఆ పిల్ల కోసం.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు):
మల్లి అక్కా, నీది చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నా. నేను కీచకుడు, కెమెరా అని దూరం నుంచి రాసినా, నువ్వు ఆ నడిచే దారిలోంచి రాసినావు. ఇంతవరకు ఒక అమ్మాయి కార్డు ఇస్తే దాన్ని అట్ల చూసేవాడు ఉంటాడని నాకు తట్టనే లేదు, ఆ సీన్ నేను నవ్వుకుంటా దాటేసినా.

బురుజుకాడ అక్కా, నువ్వు ఒక పని చేయి. ఏదో ఒక ఎపిసోడ్ పది నిమిషాలు వాని మాట వినపడకుండా చూడు. సౌండ్ తీసేయి, సబ్‌టైటిల్స్ కూడా తీసేయి. 2025 ఏప్రిల్‌లో ఐదో సీజన్‌తో మొత్తం 50 ఎపిసోడ్లు అయిపోయినాయి, నువ్వు మొదట్లోనే ఉన్నావు కాబట్టి ముందు ఏమైతాదో చెప్పను, ఆ గొంతు ఎంతవరకు నమ్మాలో నాలుగో సీజన్‌లో నీకే తెలుస్తాది. 

బురుజుకాడ (కర్నూలు):
అందరికీ చాలా థాంక్స్. మల్లక్కా, నీ చివరి మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నా.

అన్న చెప్పినట్టు సౌండ్ తీసి చూద్దాం అనుకున్నా గానీ వేరేలా జరిగింది. నిన్న ఆదివారం మధ్యాహ్నం హాల్లో టీవీలో పెట్టినా, మొదటి ఎపిసోడే మళ్ళీ. అమ్మ చిక్కుడుకాయలు తుంచుకుంటా వచ్చి పక్కన కూర్చుంది. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. వాడు టోపీ పెట్టుకోని రోడ్డుకి అవతల నిలబడి ఆ పిల్ల కిటికీలోకి చూస్తాంటాడు కదా, ఆ కిటికీలకి కర్టెన్లు కూడా ఉండవు, వెనక వాని గొంతు మెత్తగా నడుస్తానే ఉంది, నాకు మళ్ళీ బాగుంది ఆ గొంతు, అబద్ధం చెప్పను. అమ్మ చిక్కుడుకాయ చేతిలో పట్టుకోనే ఆగిపోయింది.

"ఎవుడమ్మీ వాడు? ఆ పిల్ల ఇంటి ముందర అంతసేపు నిలబడినాడు?"

హీరో అమ్మా అన్నా.

అమ్మ ఇంకేం అడగలే. కొంచెంసేపు చూసి, చేట పక్కన పెట్టి లేచి మా కిటికీ కర్టెన్ లాగొచ్చి, మళ్ళీ కూర్చోని కాయలు తుంచుకుంది.