ఉచిత ప్రచార నెట్‌వర్క్ ప్రకటనల నియమాలు మార్చేసింది: మీకేం జరిగింది, ఏం చేశారు?

వెన్నెలరాతలు

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా నా కవితల బ్లాగు సైడ్‌బార్‌లో ఒక ఉచిత ప్రచార నెట్‌వర్క్ విడ్జెట్ (ఇతరుల ప్రకటన బొమ్మ చూపించే చిన్న పెట్టె) ఉంది. పేరు రాయను, వాడేవాళ్లకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. తెలియనివాళ్ల కోసం పద్ధతి చెబుతాను. మనం వేరేవాళ్ల బ్లాగుకి వెళ్లి అక్కడి విడ్జెట్ నొక్కితే ఒక క్రెడిట్ వస్తుంది. పోగైన క్రెడిట్లతో మనకు నచ్చిన బ్లాగులో మన బ్లాగు ప్రకటన బొమ్మ (125 x 125 పిక్సెల్స్) ఒక రోజు పెట్టించుకోవచ్చు. మన దగ్గర పెట్టమని ఎవరైనా అడిగితే వాళ్ల బ్లాగు చూసి, సరే అనో వద్దు అనో చెప్పేవాళ్లం. డబ్బు మాటే లేదు.

పోయిన వారం మెయిల్ వచ్చింది. ఇకమీదట విడ్జెట్‌లో సగం సమయం డబ్బు కట్టినవాళ్ల ప్రకటనలే వస్తాయట. వాటికి మన అనుమతి అక్కర్లేదట. ఒకరి క్రెడిట్లు ఇంకొకరికి పంపితే నాలుగో వంతు కోస్తారట. పేజీ తెరవగానే కనబడేంత పైన విడ్జెట్ లేకపోతే ఖాతా ఆపేస్తారట. ఏడు రోజులు గడువు ఇచ్చారు.

ఎనిమిదో రోజు మా అమ్మ పోయినప్పుడు రాసుకున్న కవిత తెరిచాను. పక్కనే "నిమిషాల్లో లోన్" అని మెరిసే బొమ్మ. ఆ కవితను నా మాటకు విలువిచ్చి చదవడానికి వచ్చేవాళ్లున్నారు. వాళ్ల కళ్ల ముందు అది నేనే పెట్టినట్టు ఉంది. రెండు రోజులు బ్లాగు తెరవబుద్ధి కాలేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఏం చేశారు?

పిల్లలకథలు

వెన్నెల గారూ, మాదీ అదే నెట్‌వర్క్. నాది పడుకునేముందు పిల్లలకు చదివి వినిపించే చిన్న కథల బ్లాగు. ఒక తల్లి మెయిల్ రాసింది: "కథ చదువుతుంటే మా బాబు పక్కనున్న పేకముక్కల బొమ్మ నొక్కాడండీ. డబ్బులు పెట్టి ఆడే ఆట తెరుచుకుంది."

నా కంప్యూటర్‌లో ఎన్నిసార్లు తెరిచినా నాకు ఆ ప్రకటన కనబడలేదు. ఆవిడ పొరబడ్డారేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, చూసేవాళ్ల ఊరిని బట్టి, ఫోన్‌ని బట్టి వేరే వేరే ప్రకటనలు వస్తాయని. అంటే నా ఇంట్లో ఏం పెడుతున్నారో నాకే కనబడదు. ఆవిడకి క్షమాపణ చెప్పాను. నెట్‌వర్క్‌కి రాస్తే, కొన్ని రకాల ప్రకటనలు వద్దనుకునే సౌకర్యం డబ్బు కట్టే సభ్యులకే ఉందని జవాబు. ఆ రోజే తీసేశాను. ఆ తల్లి మళ్లీ వచ్చిందో లేదో తెలియదు, అదే మనసులో ఉండిపోయింది.

పాతకాపు

ఈ పద్ధతి కొత్తది కాదండి. 1996లో లింక్ ఎక్స్ఛేంజ్ అని ఒకటి మొదలైంది. మీ సైట్‌లో వేరేవాళ్ల బ్యానర్ రెండుసార్లు చూపిస్తే, మీ బ్యానర్ వేరేచోట ఒకసారి చూపించేవారు. మిగిలిన ఆ రెండోది నెట్‌వర్క్ చేతిలో ఉండేది. దాన్ని ప్రకటనదారులకు అమ్ముకునేవారు. చిన్న చిన్న సైట్లవాళ్లంతా అందులో చేరారు. 1998లో మైక్రోసాఫ్ట్ దాన్ని దాదాపు 26.5 కోట్ల డాలర్ల విలువకు కొనుక్కుంది.

ఇదెందుకు చెబుతున్నానంటే, మన పేజీలో ఆ కాస్త చోటుకి విలువ ఉందని వాళ్లకి మొదటినుంచీ తెలుసు. మనకే తెలియదు. అయితే అక్కడ "రెండుకి ఒకటి" అన్న లెక్క చేరేటప్పుడే కళ్ల ముందుండేది. ఇష్టమైనవాళ్లు చేరారు. ఇక్కడ ఒకటికి ఒకటి అని చేర్చుకుని, రెండేళ్ల తర్వాత లెక్క మార్చారు. నా అభ్యంతరం అక్కడే.

నడిమిమాట

నేను వాళ్ల వైపు నుంచి ఒక మాట చెప్పాలి, కోపగించుకోకండి. ఇలాంటిదే చిన్న సేవ ఒకటి ముగ్గురం కలిసి ఏడాదిన్నర నడిపాం. మన బ్లాగు ఎవరు తెరిచినా, విడ్జెట్ నొక్కినా నొక్కకపోయినా, ఆ బొమ్మ వాళ్ల సర్వర్ నుంచే రావాలి. సభ్యులు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది, రాబడి మాత్రం సున్నా. దొంగ క్లిక్కులు పట్టుకోవడానికి రాత్రిళ్లు కూర్చునేవాళ్లం. చివరికి జేబులోంచి కట్టలేక మూసేశాం. మూసేసిన రోజు కూడా తిట్లు తిన్నాం.

కాబట్టి ప్రకటనలు అమ్ముకోవడం తప్పని నేను అనలేను. "ఇష్టమైనవాళ్లు ఒప్పుకోండి, వచ్చినదాంట్లో మీకూ వాటా ఇస్తాం, ఒప్పుకోనివాళ్లకి క్రెడిట్లు తక్కువ వస్తాయి" అని అడిగి ఉంటే చాలామంది సరే అనేవాళ్లు. నేనైతే అనేవాణ్ని.

వెన్నెలరాతలు

నడిమిమాట గారూ, కోపం ఏమీ లేదండి. ఖర్చుల సంగతి మీరు చెప్పేదాకా నేనూ ఆలోచించలేదు. ఏడాదికి ఇంత చందా కట్టమని అడిగినా కట్టేదాన్ని. "వద్దు" అని చెప్పే బటన్ తీసేశారు చూడండి, దాన్ని మాత్రం మింగలేకపోతున్నాను. ఇన్నాళ్లూ ఆ బటన్ ఉందనే ధైర్యంతోనే కదా చోటిచ్చాను.

షుగర్‌డైరీ

నా విషయం కొంచెం పెద్దది, ఓపికగా చదవండి.

నాకు పదకొండో ఏట నుంచి టైప్ 1 షుగర్. ఇన్సులిన్ మీదే బతుకుతున్నాను. బ్లాగులో నా రోజువారీ రీడింగులు, సూదుల భయం, కాలేజీలో కళ్లు తిరిగి పడిపోయిన రోజులు, ఇవే రాస్తాను. కొత్తగా జబ్బు బయటపడిన పిల్లల తల్లిదండ్రులు ఎక్కువగా చదువుతారు. అందుకే విడ్జెట్‌లో ఎవరి బొమ్మ ఒప్పుకున్నా ముందు వాళ్ల బ్లాగంతా చదివేదాన్ని. "నయం చేస్తాం" అనేవాళ్లని ఒక్కరినీ రానివ్వలేదు.

నియమం మారిన మూడో రోజు ఒక తండ్రి నుంచి వ్యాఖ్య. "మేడమ్, మీ పేజీలో చూపించిన పొడి మా పాపకి వాడొచ్చా? ఇన్సులిన్ మానేయొచ్చని రాశారు." చదవగానే చేతులు చల్లబడ్డాయి. టైప్ 1లో ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. బయటి నుంచి ఇచ్చేది ఆపితే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి కొద్ది గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. ఆయన అడిగారు కాబట్టి సరిపోయింది. అడగకుండా కొని ఇచ్చి ఉంటే? వెంటనే జవాబు రాశాను, పాప డాక్టర్‌తో మాట్లాడమన్నాను, నా ఫోన్ నంబర్ కూడా ఇచ్చాను. ఆయన ఫోన్ చేసి "ఇంకా కొనలేదమ్మా" అనేదాకా టెన్షన్ తగ్గలేదు.

ఆ ప్రకటన కింద చిన్నగా "ప్రాయోజితం" అన్న మాట కూడా లేదు. నా రాతల పక్కన, నా రంగుల్లోనే కలిసిపోయింది. నేను సిఫారసు చేసినట్టే ఉంది. ఖర్చులున్నాయి, నిజమే. నా పేరు మీద ఇంకొకరి బిడ్డకి ప్రమాదం తెచ్చే హక్కు మాత్రం ఏ ఖర్చూ ఇవ్వదు. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

నడిమిమాట

మేడమ్, మీరన్నదానికి నా దగ్గర ఎదురుమాట లేదు. మేము నడిపినప్పుడు మందుల ప్రకటనలు పూర్తిగా వద్దనుకున్నాం. వాళ్లూ అది చేసి ఉండాల్సింది.

కోడ్‌మిత్ర

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను, చాలామందికి తెలియడం లేదు. మనం టెంప్లేట్‌లో (బ్లాగు రూపాన్ని నిర్ణయించే కోడ్‌లో) పెట్టిన విడ్జెట్ కోడ్‌లో బొమ్మ ఉండదు. "ఫలానా సర్వర్ నుంచి ఈ స్క్రిప్ట్ తెచ్చి నడుపు" అన్న ఒక్క వరుస ఉంటుంది, అంతే. ఆ స్క్రిప్ట్ రేపు ఏం చేయాలో వాళ్లే నిర్ణయిస్తారు. మన టెంప్లేట్‌లో అక్షరం మారకపోయినా పేజీ మారిపోతుంది. పైగా ఆ స్క్రిప్ట్ మన పేజీలోనే నడుస్తుంది కాబట్టి మిగతా పేజీని కూడా ముట్టుకోగలదు. వాళ్ల రంగులు మన రంగుల్లో కలిసిపోయింది అందుకే. అదే ఐఫ్రేమ్‌లో, అంటే పేజీలో విడిగా ఉండే చిన్న కిటికీలో ఉంటే దాని పెట్టెలోనే ఉంటుంది, మన పేజీ జోలికి అంత సులువుగా రాలేదు.

తీసేయాలనుకునేవాళ్లు ముందు టెంప్లేట్ బ్యాకప్ దింపుకోండి. గూగుల్ వారి బ్లాగర్ సేవలో అయితే లేఅవుట్‌లోకి వెళ్లి ఆ గాడ్జెట్ (విడ్జెట్‌కి అక్కడి పేరు) తొలగించాలి. అక్కడితో ఆగకండి. కొందరు అప్పట్లో నెట్‌వర్క్ సూచనల ప్రకారం థీమ్ కోడ్‌లోనూ ఒక వరుస అతికించారు, అది మిగిలిపోతుంది. థీమ్ కోడ్ తెరిచి వాళ్ల డొమైన్ పేరు వెతకండి. నిన్న ఇద్దరి బ్లాగులు చూశాను, ఇద్దరికీ విడ్జెట్ పోయినా స్క్రిప్ట్ ఇంకా నడుస్తోంది.

తోటలోనేను

యాడ్‌సెన్స్ (బ్లాగులో గూగుల్ ప్రకటనలు పెట్టి డబ్బు ఇచ్చే సేవ) ఉన్నవాళ్లు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. క్లిక్కులు, చూపులు ఒకరికొకరు పుట్టించుకునే సేవలను గూగుల్ ప్రకటనలున్న సైట్లలో వాడకూడదని వాళ్ల నియమాల్లోనే ఉంది. నేను అది చదవకుండా రెండూ పెట్టుకున్నాను. క్రెడిట్ కోసం వచ్చినవాళ్లు మూడు సెకన్లలో వెళ్లిపోయేవాళ్లు. కొన్నాళ్లకి చెల్లని ట్రాఫిక్ అని నా ప్రకటనలను తగ్గించేశారు. అది నా తప్పే, ఒప్పుకుంటాను.

లింకుల సంగతి కూడా చూడండి. డబ్బు తీసుకుని పెట్టే లింకుకి, దాన్ని సెర్చ్ లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే "నోఫాలో" గుర్తు గానీ, 2019లో వచ్చిన "స్పాన్సర్డ్" గుర్తు గానీ ఉండాలని గూగుల్ అడుగుతుంది. కొత్త విడ్జెట్ లింకుల్లో నాకు రెండూ కనబడలేదు. సెర్చ్‌లో దెబ్బ తగిలితే తగిలేది నెట్‌వర్క్‌కి కాదు, మన బ్లాగుకి.

కొత్తబ్లాగరు

నేను చేరి మూడు నెలలే. రోజూ రెండు గంటలు కూర్చుని క్లిక్ చేసి నాలుగు వేల క్రెడిట్లు పోగేశాను. ఇప్పుడు వెళ్లిపోతే అవన్నీ పోతాయి. బయట ఎవరో డబ్బుకి కొంటామంటున్నారు, అమ్మేయనా?

పాతకాపు

అమ్మకండి. అమ్మితే ఖాతా ఆపేస్తామని పాత నియమాల్లోనే ఉంది, డబ్బు చేతికొచ్చేలోపే ఖాతా పోయినవాళ్లున్నారు. నెట్‌వర్క్‌లో మీకు నిజంగా నచ్చిన పది బ్లాగులు ఎంచుకుని, ఉన్నవన్నీ అక్కడ మీ బొమ్మ పెట్టించడానికి ఖర్చు చేయండి. ఆ తర్వాత తీసేయండి.

మీ రెండు గంటల గురించి మాత్రం నాకు బాధగా ఉంది. మూడు నెలల పాటు రోజుకి రెండు గంటలంటే ఎన్ని టపాలు రాసేవారు!

పిల్లలకథలు

తీసేస్తే చదివేవాళ్లు తగ్గిపోతారని భయపడేవాళ్లకి నా లెక్క చెబుతాను. తీసేయకముందు రోజుకి దాదాపు 180 మంది వచ్చినట్టు చూపించేది. తీసేసిన రెండు వారాల్లో 45కి పడిపోయింది. మొదటి రోజు ఏడ్చినంత పనయింది. తర్వాత చూస్తే వ్యాఖ్యలు అంతకుముందు ఎన్నో ఇప్పుడూ అన్నే. కథ చివరిదాకా చదివేవాళ్లు ఆ 45 మందిలోనే ఉన్నారు. ఆ మిగతావాళ్లు నా కథల కోసం రాలేదని ఒప్పుకోవడానికి కొంచెం టైమ్ పట్టింది.

తోటలోనేను

నా లెక్క అలా లేదండి, నిజం చెప్పాలి. నాకు నెట్‌వర్క్ ద్వారా వచ్చినవాళ్లలో ముగ్గురు ఇప్పటికీ ప్రతి టపా చదువుతారు. మొక్కల తెగుళ్ల గురించి నాకు తెలియనివి చెప్పింది వాళ్లే. ఆ పరిచయాలు లేకపోతే నా బ్లాగు ఎప్పుడో ఆగిపోయేది. అందుకే ఈ మార్పు ఇంత బాధపెట్టింది. పనికిరానిదైతే వదిలేసేవాళ్లం కదా.

కోడ్‌మిత్ర

పాఠకుల చిరునామాలు మీ దగ్గర పెట్టుకోండి. 2021లో ఫీడ్‌బర్నర్ (కొత్త టపాలను పాఠకులకు మెయిల్‌లో పంపిన గూగుల్ సేవ) ఈమెయిల్ చందాలు ఆగిపోయినప్పుడు, జాబితా ముందే దింపుకున్నవాళ్లు మర్నాటి నుంచి వేరే సేవలో పంపుకున్నారు. దింపుకోనివాళ్లు ఏళ్ల తరబడి చేరినవాళ్లని పోగొట్టుకున్నారు. యూట్యూబ్ కూడా 2020 నవంబరులో నిబంధనలు మార్చి, భాగస్వామ్య కార్యక్రమంలో లేని చానళ్ల వీడియోల మీదా ప్రకటనలు చూపించే హక్కు తీసుకుంది. ఆ చానళ్లకి వాటా లేదు. కాబట్టి ఒక నెట్‌వర్క్ వదిలి ఇంకో నెట్‌వర్క్‌లో చేరేముందు, "ప్రకటనలు" అన్న మాట నిబంధనల్లో ఎక్కడెక్కడ ఉందో వెతికి చదవండి.

షుగర్‌డైరీ

వెళ్లిపోయేముందు తెరలను ఫోటో తీసి పెట్టుకోండి. నేను ఆ పొడి ప్రకటన తేదీ, సమయంతో సహా తీసి నెట్‌వర్క్‌కి పంపాను. నాలుగు రోజులకి ఆ ఒక్క ప్రకటన తీసేశారు. నిన్న అలాంటిదే ఇంకోటి వేరే బ్లాగులో కనిపించింది. దాని మీద కూడా రాశాను, ఆ బ్లాగు ఆవిడకీ చెప్పాను. ఆవిడకి అసలు తెలియనే తెలియదు.

వెన్నెలరాతలు

ఈ రోజు పొద్దున తీసేశాను. కోడ్‌మిత్ర గారు చెప్పినట్టు థీమ్‌లో వెతికితే ఇంకో వరుస దొరికింది, అదీ పోయింది. మిగిలిన క్రెడిట్లు ముగ్గురు కొత్తవాళ్లకి పంపాను. నాలుగో వంతు కోశారు, అయినా పంపాను.

ఆ ఖాళీ చోట నేను నిజంగా చదివే బ్లాగుల పేర్లు చేత్తో రాసి పెడుతున్నాను. ఒక్కోదాని పక్కన ఎందుకు చదువుతానో రెండు మాటలు. క్రెడిట్లు లేవు, తిరిగి నా లింకు పెట్టమని అడగను. ఇప్పటికి ఆరు అయ్యాయి. మీ బ్లాగుల చిరునామాలు ఇవ్వండి, ఈ ఆదివారం అన్నీ చదువుతాను.

పిల్లలకథలు

ఇచ్చానండి, మీ మెయిల్‌కి పంపాను. ముందు నక్క కథ చదవండి, మిగతావి తర్వాత.

కొత్తబ్లాగరు

నాదీ పంపాను. ఇంకా పన్నెండు టపాలే ఉన్నాయి. ఆ రెండు గంటల్లో నిన్న పదమూడోది మొదలుపెట్టాను.