కాటలాన్‌లో సి4 బంటు పోయాక సెంటర్ ఎవరిది?

చిత్తూరు నుంచి రాస్తున్నా. మెడికల్ షాపు నాది. మధ్యాహ్నం గిరాకీ ఉండదు, అప్పుడు ఫోన్లో పది నిమిషాల చెస్ గేములు ఆడుకుంటా. తెల్లపావులతో మొదటినుంచీ ఈ4తో మొదలుపెట్టేవాణ్ణి. తిరుపతిలో ఉండే మా బావమరిది పోరి కాటలాన్ అనే ఓపెనింగ్‌లోకి లాగాడు. డి4, సి4, జి3, బిషప్ జి2, గుర్రం ఎఫ్3, క్యాస్లింగ్. ఇంతవరకూ హాయి. అవతలివాడు కూడా ఈ6, గుర్రం ఎఫ్6, డి5, బిషప్ ఈ7, క్యాస్లింగ్ చేసి, డి5 బంటుతో నా సి4 బంటును కొట్టేస్తాడు. వీడియోల్లో తాపీగా క్వీన్ సి2 ఆడమంటారు. సెంటర్ కోసం పోరు అంటారు. నాకు ఒక బంటు తక్కువ, ఈ4లో ఏమీ లేదు. ఇంక ఆ సెంటర్ యాడుందన్నా?

— అన్నా, పది నిమిషాల గేముకి ఇదంతా దేనికి? లండన్ ఓపెనింగ్ ఆడుకోండి, టెన్షన్ ఉండదు.

— లండన్ సంగతి తర్వాత. నేను రేణిగుంటలో పిల్లలకు చెస్ నేర్పిస్తా, ప్రతి బ్యాచ్‌లోనూ ఈ ప్రశ్న వస్తుంది. తమ్ముడూ, ఆ బంటు కుదువ పెట్టిన నగ అనుకో. విడిపించడానికి తొందర లేదు, వడ్డీ కూడా మనకే వస్తోంది. వాడు సి4 కొట్టగానే డి5 ఖాళీ అయింది. నీ జి2 బిషప్‌కి అడ్డం నీ గుర్రం ఒక్కటే. నీ క్వీన్ సి2 తర్వాత, బంటు నిలుపుకుందామని వాడు వెంటనే బి5 ఆడాడనుకో. నువ్వు ఏ4, వాడు సి6. ఏ బంటుతో బి5 కొట్టు, వాడు సి బంటుతో తిరిగి కొడతాడు. ఇప్పుడు గుర్రం జి5! బిషప్ నేరుగా ఏ8 రూక్‌ని చూస్తుంది. హెచ్7ని కాస్తున్న ఎఫ్6 గుర్రాన్ని డి5లో అడ్డం పెట్టాడా, క్వీన్ హెచ్7, మేట్.

అందుకే తెలిసినవాడు ముందు ఏ6 ఆడతాడు. సెంటర్ అంటే ఈ4లో బంటు నిలబెట్టడమే కాదు. డి5 వదులుకున్నవాడికి సి5 తోసే తీరిక దొరుకుతుందా లేదా అన్నదే అసలు గొడవ. 2006లో రష్యాలోని ఎలిస్టాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్‌లో టొపలోవ్ మీద క్రామ్నిక్ మొదటి గేమ్ గెలిచింది కాటలాన్‌తోనే, చూడు.

— సరే అన్నా. ఏ6 తర్వాత నేను క్వీన్‌తో సి4 కొట్టా, వాడు బి5, క్వీన్ సి2, వాడి బిషప్ బి7. నా బిషప్‌కి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. ఇంక సి5 ఆపేదెట్లా?

— బిషప్ డి2. అది ఏ5కి చేరితే సి7 బంటు మీద పడుతుంది, వాడు దానికి కాపలా కాస్తూ సి5 వాయిదా వేసుకోవాలి. ఇదంతా వద్దనుకుంటే, వాడు ఏ6 ఆడినప్పుడే ఏ4 ఆడి బి5 ఆపెయ్. నేనైతే పిల్లలకు అదే చెబుతా. బిషప్ డి2కి గట్టి జవాబు, వాడు బిషప్‌ని ఈ4కి తెచ్చి నీ క్వీన్‌ను తరమడం. క్వీన్ సి1కి పోతుంది. చూడ్డానికి బాగుండదు, అయినా గ్రాండ్‌మాస్టర్లు ఆడేది అదే.